ఫార్మ్‌డీ ఇంటర్వ్యూ: వైవా అలవాటు వదిలి మాట్లాడటం ఎలా

మన దగ్గర బీఫార్మసీ సీటుకు ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. ఈఏపీసెట్ ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెడతాం, ఏదో ఒక కాలేజీ పేరు స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఫీజు కట్టి చేరిపోతాం. 'నీకు ఈ చదువు ఎందుకు?' అని ఆ నాలుగేళ్లలో ఒక్కరైనా అడిగిన గుర్తు నాకు లేదు. మనకు తెలిసిన ఇంటర్వ్యూ అంటే వైవానే. ఎక్స్‌టర్నల్ వస్తారు, డెఫినిషన్ అడుగుతారు, వస్తే చెబుతాం, రాకపోతే 'సారీ సార్' అని తల దించుకుంటాం.

ఆ అలవాటుతోనే నేను ఒక అమెరికా కాలేజీలో ఫార్మ్‌డీ (అక్కడ ఫార్మసిస్టు కావడానికి చదవాల్సిన డిగ్రీ) సీటు కోసం ఇంటర్వ్యూకి కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వెనక గది, రాత్రి తొమ్మిదిన్నర, స్క్రీన్ మీద ఇద్దరు. 'మీరు చెప్పింది అవతలి మనిషికి అర్థం కాని సందర్భం ఒకటి చెప్పండి' అన్నారు. నేను షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఎలా పనిచేస్తుందో అందుకున్నాను. కాలేయంలో గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది, కణాలు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి... ఆ ఇద్దరిలో ఒకావిడ ఓపిగ్గా విని, నవ్వి, అదే ప్రశ్న మళ్లీ అడిగారు. నేనూ అదే జవాబు ఇంకాస్త వివరంగా చెప్పాను. మూడు వారాలకు మెయిల్ వచ్చింది. ఈసారి సారీ చెప్పింది వాళ్లు.

మరుసటి ఏడాది వేరే చోట సీటు వచ్చింది. ఇప్పుడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా నాలుగేళ్ల బీఫార్మసీ చేసి అమెరికాలో ఫార్మసిస్టు కావాలనుకునేవాళ్లకు. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పూర్తిచేసిన విదేశీ ఫార్మసీ గ్రాడ్యుయేట్లు అక్కడ లైసెన్సు దారిలో ముందుగా పాసవ్వాల్సిన ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాయాలంటే ఐదేళ్ల కోర్సు చదివి ఉండాలి. 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ చదివినవాళ్లకు ఆ దారి ఉంది, బీఫార్మసీ వాళ్లకు లేదు. అందుకే మనం ఫార్మ్‌కాస్‌లో (అక్కడి ఫార్మసీ కాలేజీలకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే ఉమ్మడి పోర్టల్) అప్లై చేసి, అక్కడి ఫార్మ్‌డీలో మొదటి ఏడాది నుంచి చేరాల్సి వస్తుంది. ఒకప్పుడు పీక్యాట్ అనే ఎంట్రన్స్ ఉండేది. 2024 జనవరితో అదీ ఆగిపోయింది. స్కోరు చూపించి నోరు మెదపకుండా గట్టెక్కే వీలు ఇక లేదు.

1. పిలుపు మెయిల్ నిదానంగా చదవండి

అమ్మావాళ్లకు శుభవార్త చెప్పండి, తర్వాత మళ్లీ వచ్చి ఆ మెయిల్ ముందు కూర్చోండి. ఇంటర్వ్యూ ఏ రకమో అందులో ఉంటుంది. ఒకరిద్దరు ప్రొఫెసర్లు అరగంట మాట్లాడే మామూలు రకం ఒకటి. ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, అంటే వరుసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు) ఇంకొకటి: కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో 2000 దశకం మొదట్లో పుట్టిన పద్ధతి, ఇప్పుడు చాలా ఫార్మసీ కాలేజీలు వాడుతున్నాయి. ఇందులో ఒక్కో స్టేషన్‌కు ఒక్కో మనిషి, ఒక్కో పరిస్థితి. చదువుకోవడానికి రెండు నిమిషాలు, మాట్లాడటానికి ఐదో ఎనిమిదో నిమిషాలు, గంట కొట్టగానే తర్వాతి స్టేషన్. వీటితోపాటు గ్రూపు పని, అప్పటికప్పుడు రాసే వ్యాసం కూడా కొన్ని చోట్ల ఉంటాయి.

ఇంకో సంగతి కూడా చూడండి: మీ అప్లికేషన్ వాళ్లు చదివి వస్తారా, చదవకుండా వస్తారా. దీన్ని ఓపెన్ ఫైల్, క్లోజ్డ్ ఫైల్ అంటారు. క్లోజ్డ్ అయితే మీ 8.9 సీజీపీఏ అవతలి మనిషికి తెలియదు. మీరేంటో మీ నోటితోనే చెప్పాలి. మెయిల్‌లో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్ల ఆఫీసుకు రాసి అడగండి. అడిగితే తప్పుగా అనుకుంటారేమోనన్న భయం మన దగ్గర ఉంటుంది, అక్కడ అలా అనుకోరు.

2. టైమ్ లెక్క కాగితం మీద వేసుకోండి

నవ్వకండి, దీనివల్ల ఇంటర్వ్యూ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. న్యూయార్క్‌లో పొద్దున పది అంటే వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. కాలిఫోర్నియాలో పది అంటే వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. అమెరికాలో గడియారాలు మార్చుకునేది నవంబర్ మొదటి ఆదివారం, మళ్లీ మార్చి రెండో ఆదివారం. అక్టోబర్‌లో మెయిల్ వచ్చి, నవంబర్ రెండో వారంలో ఇంటర్వ్యూ ఉందనుకోండి. మెయిల్ వచ్చిన రోజు వేసిన లెక్క ఇంటర్వ్యూ నాటికి గంట తప్పుతుంది. ఏ టైమ్ జోనో అక్షరాలా చూసుకుని, ఇంటర్వ్యూ తేదీకే లెక్క వేయండి.

రాత్రి పదకొండున్నరకు స్లాట్ వస్తే, ముందు రెండు రోజులు అదే టైమ్‌కు మేలుకుని గట్టిగా మాట్లాడి చూడండి. ఆ వేళకు గొంతు ఎలా ఉంటుందో, ఇంగ్లిష్ ఎంత నెమ్మదిస్తుందో మీకే తెలుస్తుంది.

3. మీ జీవితంలోంచి ఐదారు సంఘటనలు ఏరుకోండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి. 'ఒకసారి ఏమైందో చెప్పండి' తరహా ప్రశ్నలే ఎక్కువ వస్తాయి: గొడవ పడిన సందర్భం, తప్పు చేసిన సందర్భం, టీమ్‌లో ఒకరు పనిచేయని సందర్భం, మీకంటే పూర్తిగా వేరే జీవితం ఉన్న మనిషితో మెలిగిన సందర్భం. వీటికి జవాబు పుస్తకంలో దొరకదు.

బీఫార్మసీలో మనకు ఒక చిక్కుంది. మన చదువు ఫ్యాక్టరీ వైపు చూస్తుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది, అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, తర్వాత బయోటెక్ కంపెనీల జీనోమ్ వ్యాలీ వచ్చింది. మన ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అంతా జీడిమెట్ల, బొల్లారం వైపే. రెజ్యూమె నిండా టాబ్లెట్ కంప్రెషన్, డిసొల్యూషన్, హెచ్‌పీఎల్‌సీ లాంటి తయారీ, ల్యాబ్ పనులే. అక్కడి ఫార్మ్‌డీ మాత్రం పేషెంటు ఎదురుగా నిలబడే చదువు. 'ల్యాబ్ పని ఇంత బాగా చేస్తున్నారు కదా, పేషెంట్ల దగ్గరికి ఎందుకు రావాలనుకుంటున్నారు?' అని తప్పకుండా అడుగుతారు. జవాబు లేకపోతే అక్కడే తేలిపోతాం.

ఆ జవాబు మీ వీధి చివర ఉంది. అప్లై చేయడానికి ముందే, కనీసం రెండు మూడు నెలలు, తెలిసినవాళ్ల మెడికల్ షాపులో సాయంత్రాలు కూర్చోండి. అమ్మడం మీ పని కాదు, ఫార్మసిస్టు పక్కన నిలబడి వినండి, రాసుకోండి. మా మేనమామ షాపు సైదాబాద్‌లో. ఒక పెద్దావిడ రోజూ కళ్లు తిరుగుతున్నాయని వచ్చేది. ఓ రోజు 'ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని రా అమ్మా' అన్నాను. బస్తీ దవాఖానాలో ఇచ్చిన బీపీ గోలీ ఒకటి, ప్రైవేటు డాక్టరు రాసింది ఇంకొకటి. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల మందు మాత్రం ఒకటే, టెల్మిసార్టన్. ఆవిడ రెండూ వేసుకుంటోంది. మామయ్య వెంటనే డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన ఒకటి ఆపమన్నాక నేను ఒక స్ట్రిప్ మీద సూర్యుడి బొమ్మ గీసి, రెండోదాన్ని పక్కన పెట్టించి, 'ఇప్పుడు నువ్వు నాకు చెప్పు, ఏది ఎప్పుడు వేసుకుంటావ్?' అని అడిగాను. మొదటిసారి ఆవిడ తప్పు చెప్పింది. అప్పటిదాకా నేను బ్రహ్మాండంగా వివరించాననే అనుకున్నాను.

రెండో ఏడాది ఇంటర్వ్యూలో 'మీరు చెప్పింది అర్థం కాని సందర్భం' అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి చెప్పడానికి నా దగ్గర మనిషి ఉంది.

సంఘటన చెప్పేటప్పుడు వరుస ఇలా ఉంచుకోండి: అక్కడ ఏం జరుగుతోంది, అందులో మీ వంతు ఏంటి, మీరు ఏం చేశారు, చివరికి ఏమైంది, మళ్లీ జరిగితే ఏం మారుస్తారు. రెండు నిమిషాలు దాటకండి. 'మేము చేశాం, మేము చూశాం' అనడం మన మర్యాద. అక్కడ మాత్రం మీరేం చేశారో వాళ్లకు తెలియాలి, 'నేను' అనండి. పేషెంటు పేరు మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. పేరు చెప్పారంటే గోప్యత సంగతి తెలియదని మీరే ఒప్పుకున్నట్టు.

4. ఎంసెట్, నీట్ కథ దాచకండి

'ఫార్మసీయే ఎందుకు?' అన్న ప్రశ్నకు మన పిల్లలు చెప్పే జవాబులు వింటుంటే నాకు నిద్రొస్తుంది. చిన్నప్పటి నుంచి మందులంటే ఇష్టమట. చిన్నప్పుడు మందులంటే ఎవరికి ఇష్టం? బైపీసీ తీసుకున్నారు, ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీఫార్మసీలో చేరారు. తెలుగు ఇళ్లలో సగం కథలు ఇవే. దాన్ని ఒక్క వాక్యంలో నిజంగా చెప్పేసి, ఆ తర్వాత మీ మనసు ఎక్కడ మారిందో చెప్పండి. మారిన చోటే వాళ్లకు కావాలి. ఇంకా మారలేదా? అయితే ఇంటర్వ్యూ సంగతి తర్వాత, అంత ఫీజు కట్టే ముందు మీతో మీరు మాట్లాడుకోండి.

ఆదర్శం ఎవరంటే అందరూ శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరే చెబుతారు. చెప్పండి, తప్పేం లేదు, కానీ ఆయన ఏం చేశారో తెలుసుకుని చెప్పండి. మన జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ గోలీ, అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో ఆయన నడిపిన పరిశోధన నుంచి వచ్చింది. ఆ గోలీ మీ అమ్మమ్మ మింగే ఉంటుంది. అక్కడి నుంచి మొదలుపెడితే మీ జవాబు ఇంకెవరికీ ఉండదు.

5. మందుల పేర్లు మార్చుకోండి

చిన్న పని, ఒక సాయంత్రం చాలు. మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్. సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్, గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. డోలో అంటే వాళ్లకు తెలియదు, టైలెనాల్ తెలుసు. మన షాపులో జరిగింది చెప్పేటప్పుడు ఇక్కడి చట్టం ఒక ముక్క కలపండి: 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్‌1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటు పడే మందులు అమ్మితే విడిగా రిజిస్టర్‌లో రాసి, మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా మందు అడిగేవాళ్లను మీరు ఎలా చూశారన్నది అక్కడివాళ్లకు ఆసక్తికరమైన విషయం. మన దేశాన్ని తిట్టి మార్కులు కొట్టేద్దామని మాత్రం చూడకండి.

6. ఎంఎంఐకి తీర్పు చెప్పకుండా ఆలోచించడం ప్రాక్టీస్ చేయండి

ఒక నమూనా. మీరు ఫార్మసీలో ఉన్నారు. నొప్పి మాత్రల చీటీ ఒకటి వచ్చింది, అవి ఓపియాయిడ్లు (నల్లమందు తరహా, అలవాటు పడే మందులు). సంఖ్య 10ని 40గా దిద్దినట్టు అనుమానం. వచ్చినాయన నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు, వెనక క్యూ ఉంది. ఏం చేస్తారు?

మన పిల్లలు 40 సెకన్లలో ముగిస్తారు: 'ఇవ్వను. పోలీసులకు చెబుతాను.' తర్వాత ఐదు నిమిషాలు అవతలివాళ్లు వీళ్ల మొహం, వీళ్లు వాళ్ల మొహం. వైవాలో కరెక్టు ఆన్సర్ చెబితే చాలు, ఇక్కడ ఆ ఆన్సర్ దాకా మీరు ఎలా నడిచారో బయటికి వినిపించాలి.

బయటికి ఆలోచించడం ఇలా ఉంటుంది. ముందు నాకు తెలియనివి చెబుతాను: దిద్దింది ఆయనా, డాక్టరేనా? ఆయన నొప్పి నిజమా? నొప్పి నిజమై, చీటీ కూడా దిద్ది ఉండవచ్చు, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఇప్పుడు ఎవరెవరికి ఏం నష్టం: ఇస్తే ఆయనకు ప్రమాదం, ఇవ్వకపోతే నొప్పి, తప్పుగా అనుమానిస్తే అవమానం, నా లైసెన్సు, క్యూలో వింటున్నవాళ్లు. కాబట్టి ఆయన్ను పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడతాను, రాసిన డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తాను, అప్పటిదాకా మందు ఇవ్వను, ఎందుకు ఆలస్యమో ఆయనకు మర్యాదగా చెబుతాను. డాక్టరు దొరకకపోతే ఏం చేస్తానో అది కూడా చెబుతాను. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మధ్యలో 'ఆయన మీ మామయ్య అయితే?' అని తిప్పుతారు. అది మిమ్మల్ని పడగొట్టడానికి కాదు. కొత్త సంగతి తెలిసినప్పుడు మీ మాట మారుతుందా, ఎందుకు మారుతుంది అన్నది చూస్తారు.

నటులతో మాట్లాడించే స్టేషన్లు ఇంకో రకం. కోపంతోనో ఏడుస్తూనో ఒకరు మీ ముందు కూర్చుంటారు. ఎవరైనా ఏడిస్తే మనం వెంటనే 'ఊరుకో, ఏం కాదు' అంటాం, ఆ వెనకే మూడు సలహాలు. ప్రేమే, కానీ ఆ మనిషి నోరు మూయించినట్టు అవుతుంది. ముందు 'ఏమైందో చెప్పండి' అని అడిగి ఆగండి. ఆ ఆగడమే కష్టం. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఎదుటి మనిషి మాట్లాడటం అయ్యాక మూడు సెకన్లు లెక్కపెట్టుకుని అప్పుడు నోరు తెరవండి.

బొమ్మ చూడని పార్ట్‌నర్‌తో మాటలతోనే బొమ్మ గీయించే ఆట కూడా ఉండొచ్చు. దీనికి మంచి ప్రాక్టీస్ ఊళ్లో ఉన్న మీ నాన్నకు ఫోన్‌లోనే కొత్త యాప్ పెట్టించడం. విసుక్కోకుండా పెట్టించగలిగితే పాసైనట్టే.

7. కన్సల్టెన్సీ స్క్రిప్టు పక్కన పెట్టండి

వీసా ఇంటర్వ్యూకి, కాలేజీ ఇంటర్వ్యూకి తేడా తెలియకుండా రెండిటికీ ఒకే కోచింగ్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. వీసాకైతే నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ కిటికీ దగ్గర రెండు మూడు నిమిషాలే, అడిగినదానికి పొట్టిగా, సూటిగా చెప్పాలి. కాలేజీలో అలా పొట్టిగా చెబితే మీకు ఆసక్తి లేదనుకుంటారు. నేను కట్టిన డబ్బుకు ఒకచోట నాకు 60 ప్రశ్నల పీడీఎఫ్ ఇచ్చారు. మాక్‌లు చేయడం మొదలుపెట్టాక అవే వాక్యాలు, అవే తప్పులతో, నలుగురు జూనియర్ల నోటివెంట విన్నాను.

8. గదిని, ఇంటినీ సిద్ధం చేయండి

రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి, ఫోన్‌లో హాట్‌స్పాట్ రెడీగా ఉంచండి, పక్కన ఫంక్షన్ హాల్ ఉంటే ఆ రాత్రి పెళ్లి ఉందేమో కనుక్కోండి. బరాత్ మొదలయ్యాక చేసేదేమీ ఉండదు. బోర్ మోటార్ ఎవరూ వేయకుండా వాచ్‌మన్‌కు చెప్పండి. అమ్మకు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి: టీ తెచ్చి తలుపు తీయొద్దని.

జూమ్‌లో మీ పేరు ముందే సరిచేసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత అయ్యేసరికి వాళ్లు మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తూ గంట గడుపుతారు. పిలవాల్సిన పేరు అక్కడ పెట్టి, మొదట్లోనే ఒకసారి నిదానంగా పలికి వినిపించండి. వాళ్లను 'సార్, మేడమ్' అనకుండా డాక్టర్ ఫలానా అని ఇంటిపేరుతో పిలవండి. యాస గురించి బెంగ వద్దు, వేగం గురించి ఉండాలి. మన ఇంగ్లిష్‌కు టెన్షన్ తోడైతే రైలు బండే.

9. ఆ రోజు ఏం జరుగుతుంది

ముందు అడ్మిషన్ల వాళ్లు పలకరించి కాలేజీ గురించి చెబుతారు. తర్వాత ప్రస్తుత విద్యార్థులతో ముచ్చట ఉండొచ్చు. అది సరదాగానే ఉంటుంది, కానీ ఆ విద్యార్థుల అభిప్రాయం కూడా చాలా చోట్ల లెక్కలోకి వస్తుంది, మరీ ఫ్రీగా 'మాకు మీ కాలేజీ బ్యాకప్ అంతే' అనకండి. ఆ తర్వాత అసలు ఇంటర్వ్యూ. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. ఆలోచించుకోవడానికి అర నిమిషం కావాలంటే అడిగి తీసుకోండి. ఒక స్టేషన్ పాడైతే దాన్ని తర్వాతి స్టేషన్‌లోకి మోసుకెళ్లకండి, అక్కడున్న మనిషికి వెనక ఏమైందో తెలియదు.

చివర్లో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా?' అంటారు. 'నథింగ్ సార్' అనే జవాబు దయచేసి మానేయండి. అక్కడ ఫార్మసీకి అప్లై చేసేవాళ్లు ఈ పదేళ్లలో బాగా తగ్గారు. వాళ్లు మిమ్మల్ని చూస్తున్నంతగా మీరూ వాళ్లను చూడాలి. ఫార్మసీ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీపీఈ గుర్తింపు ఏ స్థాయిలో ఉందో, ఫార్మసిస్టు లైసెన్సు కోసం రాసే నాప్లెక్స్ పరీక్షలో మొదటిసారి పాసైనవాళ్ల శాతం ఎంతో ముందే వెతికి చూడండి, ఈ రెండూ బయట దొరుకుతాయి. ఇంటర్వ్యూలో అడగాల్సినవి వేరే: శాతం తగ్గి ఉంటే దాని గురించి ఏం చేస్తున్నారు? ఎఫ్‌1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు ఇంటర్న్ లైసెన్సు, రొటేషన్లు (ఆసుపత్రుల్లో, ఫార్మసీల్లో వంతులవారీ శిక్షణ) ఎలా కుదురుస్తారు? మొదటి ఏడాది ఎంతమంది మధ్యలో వదిలేశారు? మూడో ప్రశ్నకు వాళ్లు తడబడితే అది కూడా సమాధానమే.

10. తర్వాత

మర్నాడు పొద్దున ఒక చిన్న థాంక్యూ మెయిల్, మాట్లాడిన దాంట్లోంచి ఒక నిజమైన సంగతి కలిపి, నాలుగు వాక్యాల్లో. ఎంఎంఐ అయితే అడ్మిషన్ల ఆఫీసుకు రాస్తే చాలు. మీకు తట్టిన ప్రశ్నలు, తడబడ్డ చోట్లు ఆ రాత్రే రాసి పెట్టుకోండి, తర్వాతి కాలేజీ ఇంటర్వ్యూకి అదే మీ నోట్స్. సీటిస్తూ డిపాజిట్ కట్టమంటే, అది తిరిగి ఇస్తారా లేదా చదివాకే కార్డు తీయండి. వెయిట్‌లిస్ట్ వస్తే మర్యాదగా, ఇంకా ఆసక్తి ఉందని ఒక్కసారి రాయండి, వారానికోసారి రాయకండి.

ఇంకొకటి, ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచండి: ఫలితం ఆ రాత్రి చెప్పరు, వారాలు పడుతుంది. నేను చెప్పలేదు. లాప్‌టాప్ మూసి తలుపు తీసేసరికి అమ్మ, నాన్న, పై పోర్షన్ ఆంటీ వరుసగా సోఫాలో కూర్చుని ఉన్నారు. 'ఏమన్నారు?' అంది అమ్మ. 'హ్యావ్ ఎ గుడ్ డే అన్నారు' అన్నాను. ఆంటీ గడియారం చూశారు. పన్నెండు కావస్తోంది.